శ్రీ భాగ్యరెడ్డి వర్మగారి జీవితము

మన సంఘ వార్షిక మహాసభా సందర్భమున వెలువడు నీ సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా జహీరాబాదు పరిసర గ్రామములందు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి నొందియున్న మాకు వ్రాత క్రొత్త కాదు. కాని యెవరిని గూర్చి వ్రాయవలె నను ప్రశ్న కొన్ని దినములు మమ్ము విడువకుండెను. పురాణపురుషులను గూర్చి వ్రాయుట మాకు సులభము. సంస్కృతము చదివినవారము గనుక వారి కథలు మాకు కరతలామలకములు. అయినను ఈ సభకు రాబోవు యువకులకు కావలసినది పురాణము గాదు. తా మెవరు, ఈ దేశమున తమ స్థానమేది, ఆ స్థానము తమ కెట్లు లభించినది అను మూడు సంగతులు వారికి తెలియవలెను. ఈ మూడింటికిని ఒక్క జీవితమునందు సమాధానము చెప్పినవారు శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారు. వారు హైదరాబాదు నగరవాసులు. మన జహీరాబాదువారు కారు. అట్లయ్యు వారి ఋణము మన వాడలో ప్రతి యింటను కలదని మా నమ్మిక.

ముందుగా మా యూరి సంగతి యొకటి చెప్పి, పిమ్మట కథలోనికి పోవుదుము. మా తాతగారు నిజాము ప్రభుత్వమున బీదరు జిల్లాలోని జహీరాబాదు తాలూకాలో పుట్టి, ఆ ప్రభువునకు ప్రజగా జీవించిరి. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినప్పుడు ఈ ప్రాంతము బీదరునుండి విడివడి మెదకు జిల్లాలో చేరగా, మా తండ్రిగారు ఆంధ్రప్రదేశము వారైరి. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినది; 2016లో మనము సంగారెడ్డి జిల్లావార మైతిమి. ఊరు మాత్రము అంగుళమైనను కదలలేదు. అదే యెఱ్ఱనేల, అదే జొన్నచేను, తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ కలగలసి వినవచ్చు నదే సంత. కదలినది మన పేరు. మాఱినది రాజ్యముతో మనకు గల సంబంధము. తాతగారు ప్రజ, మనము పౌరులము. ఈ రెండు మాటల నడుమ గల దూర మెంతయో యెఱిగినవారికే వర్మగారి జీవితము అర్థమగును.

మనుష్యుడు పౌరుడుగా పుట్టడు. పుట్టినప్పుడు వానికి ఆకలి యొక్కటే తెలియును. ఇల్లు, వాడ, గురువు, బడి, సంఘము, సభ, పత్రిక, ఇవి యొకదాని వెంట నొకటి వానికి తానెవరో నేర్పును. తల వంచుకొని నడువుమని నేర్పిన వాడ వానిని దాసునిగా చేయును. లేచి నిలిచి నీ మాట చెప్పుమని నేర్పిన సభ వానిని పౌరునిగా చేయును. మన పూర్వులకు మొదటి పాఠము తరతరములుగా నేర్పబడినది. రెండవ పాఠమును నేర్పుటకు పూనుకొనిన తొలి యుపాధ్యాయులలో వర్మగారు ముఖ్యులు.

శ్రీ వర్మగారు 1888 సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో మాల కుటుంబమునందు జన్మించిరి. తండ్రి మాదరి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. తల్లిదండ్రు లిడిన పేరు భాగయ్య. ఆ కాలమున మన వాడలలో పిల్లల పేళ్లు ఇంటిలో నొకటి, బయట నొకటిగా నుండెడివి. తల్లి నిండుగా పిలిచిన పేరును ఊరిపెద్దలు సగము విఱిచి, చివర నొక తిరస్కార ప్రత్యయము తగిలించి పిలుచుచుండిరి. పేరు విఱుగుటతోడనే మనిషి నడుము వంగుట మొదలిడును. భాగయ్యగారి విషయమున మాత్రము దీనికి విరుద్ధమైన దొకటి జరిగినది. ఈ నేలకు తొలుత నేలికలు ఈ జనులే యని నమ్మిన వారి కుటుంబ గురువు, బాలుని పేరును భాగ్యరెడ్డి యని మార్చెను. రెడ్డి యను పదమును రేడు, అనగా పాలకుడు, అను నర్థమున ఆయన గ్రహించెను. ఈ వ్యుత్పత్తిని గూర్చి పండితులు తర్కింపవచ్చును. ఆ బాలుని మనస్సులో అది యేమి నాటినదో దానికి తర్కము లేదు. తాను దానము పుచ్చుకొనుటకు పుట్టినవాడను గాను, పోగొట్టుకొనినదానిని తిరిగి యడుగుటకు పుట్టినవాడ నను భావము ఆ పేరుతో వచ్చినది. ఆయన రాజకీయ విద్యాభ్యాసమునకు ఇదియే ఓనమాలు.

బీదతనముచే వీరికి పెద్ద చదువు లబ్బలేదు. చిన్నవయసుననే బారిస్టరు డాస్ శాంటోస్ గారి యింట కొలువున చేరిరి. బారిస్టరుగారి యిల్లు మన వాడకు మిక్కిలి దూరమైన లోకము. అచ్చట మనుష్యులు తమకు జరిగిన యన్యాయమును చెప్పుకొనుటకు వత్తురు; ఆ యన్యాయమును శాస్త్రబద్ధముగా కాగితముపై పెట్టి న్యాయస్థానమునకు పంపుదురు. మన వాడలో అన్యాయము కర్మగా నెంచబడుచుండగా అక్కడ అది వ్యాజ్యముగా మాఱుచుండెను. దుఃఖమును కర్మ యనుకొనువాడు ప్రజ. దానిని వ్యాజ్యముగా చూడగలవాడు పౌరుడు. కొలువు చేయవచ్చిన యువకుడు ఈ భేదమును గ్రహించె ననుటకు ఆయన తరువాతి జీవితమంతయు సాక్ష్యము. బ్రహ్మసమాజము, ఆర్యసమాజము మొదలగు సంస్కరణ సంస్థల పరిచయమును వీరు నగరమున సంపాదించిరి. ఆర్యసమాజమువారు 1913లో వీరికి వర్మ యను బిరుదు నొసగిరి. వర్మ శబ్దమునకు సంస్కృతమున కవచమని యర్థము. ఆ బిరుదు వీరియందు అర్థవంతమైనది.

1906లో, తమ పదునెనిమిదవ యేట, వీరు జగన్మిత్ర మండలిని స్థాపించిరి. మండలి యనగానే తీర్మానములు, ఉపన్యాసములు అని తలంపరాదు. అక్షరములు రాని జనులకు తీర్మానము వినిపించిన ప్రయోజన మేమి? కావున మండలివారు హరికథలు చెప్పించిరి, భజనలు చేయించిరి. పగలంతయు కూలిచేసి వచ్చినవారు రాత్రి దీపపు వెలుగున గుమిగూడి కథ వినుచుండగా, ఆ కథలోనే శుభ్రత, మద్యపానవర్జనము, బాలురను బడికి పంపుట మొదలగు సంగతులు చెప్పబడుచుండెను. ఇట్లు గుమిగూడుటయే యొక విద్య. పదిమంది యొకచోట కూర్చుండి, ఒకని మాట విని, తరువాత తమలో తాము చర్చించుకొనుట యెచ్చట మొదలగునో, అచ్చట సంఘము పుట్టును.

1911లో వీరు మాన్యసంఘము నేర్పఱచిరి. ఆ పేరును చూడుడు. లోకము అమాన్యులని త్రోసివేసిన జనుల సంఘమునకు మాన్యసంఘమని పేరు పెట్టుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచింపుడు. సంఘముతోపాటు యువకులచే స్వచ్ఛంద సేవాదళమును నడపిరి. బాల్యవివాహములు, జంతుబలులు, త్రాగుడు, ఆడపిల్లలను దేవతల పేరిట విడుచుట అను దురాచారములపై పోరు సాగించిరి. ఈ చివరి యాచారమును మన ప్రాంతమున జోగినీ యందురు. దీనిని నిషేధించుచు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చట్టము చేసినది 1988లో. వర్మగారు ఆ మాట చెప్పిన తరువాత ప్రభుత్వమున కది చట్టమగుటకు డెబ్బదియేండ్లకు పైగా పట్టినది. చట్టము వచ్చుటకు ముందే సంఘము తన్ను తాను దిద్దుకొనవలె నని వారు తలచిరి. కుల పంచాయతులను పునరుద్ధరించి, మన తగవులు మనమే న్యాయముగా తీర్చుకొనునట్లు చేసిరి. పోలీసువాని కఱ్ఱకును, దొరవారి చావడికిని భయపడి తగవులు తీర్చుకొనిన జనులు, సాటివారి యెదుట సాక్ష్యమిచ్చి, తీర్పు విని, ఒప్పుకొనుట నేర్చిరి. తన్ను తాను పాలించుకొనుటకు ఇది మొదటి మెట్టు.

విద్యావిషయమున వీరు చేసిన పని వేఱుగ చెప్పవలసినది. ఆ దినములలో నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. సర్కారు బడులలో బోధ అధికముగా ఆ భాషయందే జరుగుచుండెను. మన పిల్లలకు ఆ బడి రెండు విధముల మూయబడియుండెను: గడప మైలపడు నని యొకటి, భాష తెలియ దని యొకటి. వర్మగారు 1910 ప్రాంతమునుండి హైదరాబాదులో మన పిల్లలకై తెలుగుబడులు స్థాపింప నారంభించిరి. 1930లనాటికి వాని సంఖ్య 26కు చేరినది. రెండువేలకు పైగా బాలబాలికలు వానియందు చదువుచుండిరి. పిమ్మట ప్రభుత్వము ఆ బడులను తన నిర్వహణమునకు తీసికొనినది. ఒక ప్రజాసంఘము చందాలు పోగుచేసి నడపిన బడులను ప్రభుత్వము స్వీకరించుట యనగా, ఈ పని తాను ముందే చేయవలసియుండె నని యొప్పుకొనుటయే. అడుగుట కంటె ముందు చేసి చూపుట వర్మగారి పద్ధతి. ఈ కార్యములందు వారికి అన్యకులములవారి సహాయమును కలదు. రాయ్ బాలముకుంద్ గారివంటి పెద్దలు సంఘమునకు అండగా నిలిచిరి. వర్మగారు ఆ చేయూతను కృతజ్ఞతతో గ్రహించిరి. పగ్గములను మాత్రము తమ చేతనే యుంచుకొనిరి.

ఇక వీరి జీవితమున ముఖ్యఘట్టమునకు వత్తుము. 1917 నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడలో నొక మహాసభ జరిగినది. గూడూరు రామచంద్రరావుగారు మొదలగువారు దాని నేర్పాటు చేసిరి. దానికి ఆంధ్రదేశ పంచమ మహాసభ యని పేరు పెట్టియుండిరి. అధ్యక్షులుగా వర్మగారు హైదరాబాదునుండి పిలువబడిరి. సభ జరిగిన మూడుదినములును, ఈ జనులు లోనికి వత్తు రను భయముచే కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచి రని చెప్పుదురు. అధ్యక్షపీఠ మెక్కిన వర్మగారు మొట్టమొదట ఆ సభ పేరునే ప్రశ్నించిరి. పంచమ యను పదమునకు పురాణములందు గాని శాస్త్రములందు గాని యాధారము లేదనియు, ఈ జనులు ఐదవవారు కారు, ఈ దేశమునకు ఆదివాసులనియు వారు వాదించిరి. సభ వారి వాదము నంగీకరించి, ఆది ఆంధ్ర మహాసభ యని పేరు మార్చుకొనినది.

ఇచ్చట సంస్కృతవిద్యార్థులుగా మే మొక మాట చెప్పవలెను. స్మృతులు వర్ణములు నాలుగే యని చెప్పి, అయిదవది లేదని స్పష్టముగా త్రోసివేసినవి. అట్లయ్యు లోకము అయిదవది యొకటి కల్పించి, అందు కోట్లకొలది జనులను పడవైచినది. శాస్త్రమున లేని గదిలో మనుష్యులను బంధించి, దానికి శాస్త్రమే తాళము వేసినదని నమ్మించుట యీ విచిత్రము. మేము విద్యార్థిదశలో ఈ భాగమును చదివిన దినమున మా గురువుగారు వ్యాఖ్యానము చెప్పుచు చెప్పుచు, మా ముఖమువంక చూచి యొక క్షణ మాగి, మఱల సాగించిరి. ఆ క్షణము మాకు నేటికిని జ్ఞాపకము. పెద్ద చదువు లేని వర్మగారు 1917లోనే ఆ తాళము బోలుదని వేలమంది యెదుట చూపిరి.

ఆది యను శబ్దమున గల చరిత్రవాదమును చరిత్రకారులు పలువిధముల చర్చింతురు. ఎవరు ముందు వచ్చిరి, ఎవరు వెనుక వచ్చిరి అను విచారణ మా శక్తికి మించినది. మేము గమనింపవలసినది, ఒక జనసమూహము తన పేరును తాను నిర్ణయించుకొనుటయను కార్యము. అప్పటివఱకు మనకు పేళ్లు పెట్టినవా రితరులు. 1917లో మొదటిసారిగా మనవారు సభలో కూర్చుండి, ప్రతిపాదించి, బలపఱచి, చేతులెత్తి, తమ పేరు తామే పెట్టుకొనిరి. 1922లో మద్రాసు ప్రభుత్వము పంచమ శబ్దమునకు మాఱుగా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామముల నంగీకరించినది. సభలో పుట్టిన మాట సర్కారు కాగితములలోనికి నడచిపోయినది.

నిజాము రాజ్యమున ఈ పని మఱింత కష్టము. అచ్చట ప్రజలు ఎన్నుకొనిన శాసనసభ లేదు. సభ జరుపవలె ననిన ముందుగా సర్కారు అనుమతి కావలెను; 1929 నాటి 53వ నంబరు గస్తీ ఈ నిర్బంధమును బిగించినది. రాజకీయమను మాటయే ప్రమాదకరము. అట్టిచోట వర్మగారు మాన్యసంఘమును ఆది హిందూ సంఘసేవా సమితిగా మార్చి, సంఘసేవ యను పేరిట పౌరవిద్యను నేర్పిరి. చాదర్‌ఘాటులోని ఆది హిందూ భవనము ఆ విద్యకు పీఠమైనది. 1931లో భాగ్యనగర్ అను పత్రికను వెలువరించిరి.

ఈ కదలిక హైదరాబాదునకే పరిమితము గాదు. ఉత్తరదేశమున స్వామి అఛూతానంద్ గారు ఆది హిందూ పేరుననే జనులను మేల్కొలుపుచుండిరి. పంజాబున మంగూరాంగారు 1926లో ఆది ధర్మమును స్థాపించిరి. 1930 సెప్టెంబరులో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు వర్మగారు అధ్యక్షత వహించిరి. లండనున జరుగబోవు రౌండ్ టేబిల్ సమావేశమునకు మన జనుల ప్రతినిధిగా డాక్టరు అంబేడ్కరుగారే పోదగినవారని ఆ సభ బలపఱచినది. ఆ సమావేశము అదే సంవత్సరము నవంబరులో ప్రారంభమైనది. హరికథతో మొదలైన కార్యము ఇరువదినాలుగేండ్లలో తన ప్రతినిధిని తాను సూచించు స్థితికి వచ్చినది. ప్రాతినిధ్య మను మాట ఆనాడు మనవారిలో నెందరికి తెలియును? తెలిసిన కొందరిని తయారుచేసినవారిలో వర్మగారు అగ్రగణ్యులు.

1931లో జనాభా లెక్కలు వచ్చినవి. లెక్కల పుస్తకమున తమ జనులను తాము నిర్ణయించుకొనిన పేరుతోనే వ్రాయవలె నని సమితివారు నిజాము ప్రభుత్వమునకు విన్నవించిరి. ప్రభుత్వ మంగీకరించి, ఆ లెక్కలలో ఆది హిందువులని వ్రాయించెను. చదువరులకు ఇది చిన్నసంగతిగా తోచవచ్చును. మాకు తోచదు. అందులకు కారణము చెప్పెదము.

ఉపాధ్యాయులకు జనాభా లెక్కల పని తప్పదు గదా! 2001లో మేము జహీరాబాదు సమీపమున నొక గ్రామములో ఇల్లిల్లు తిరిగి లెక్కలు వ్రాయుచుంటిమి. ఒక యింటిముందు ఒక వృద్ధురాలు కూర్చుండియుండెను. అవ్వా, మీ కులమేమి యని యడిగితిమి. ఆమె తన కులమును చెప్పలేదు. తన భర్త జీతమున్న ఆసామి యింటిపేరు చెప్పినది. తాము ఆ యింటివార మన్నది. మేము మఱల నడిగితిమి; ఆమె మఱల నదియే చెప్పినది. ఎనుబదియేండ్ల జీవితమున తానెవ రను ప్రశ్నకు ఆమెకు నేర్పబడిన సమాధానము మఱియొకని యింటిపేరు. అప్పుడు లోపలినుండి ఆమె మనుమరాలు, బడిలో ఏడవ తరగతి చదువుచున్న బాలిక, బయటికి వచ్చి, అవ్వ ప్రక్క నిలిచి, అవ్వ పేరు, ఇంటిపేరు, కులము, వయస్సు వరుసగా చెప్పి, మేము సరిగా వ్రాసితిమో లేదో కాగితములోనికి తొంగిచూచినది. మా కలము కొంతసే పాగినది. ఆ యవ్వకును ఆ మనుమరాలికిని నడుమ ఉన్నది వయోభేద మొక్కటియే కాదు. ఆ నడుమ జగన్మిత్ర మండలి యున్నది, 26 బడులున్నవి, బెజవాడ సభ యున్నది, 1931 లెక్కల పుస్తక మున్నది. ఆ బాలికకు వర్మగారి పేరు తెలియకపోవచ్చును. తొంగిచూచిన ఆ చూపు మాత్రము ఆయన పెట్టిన భిక్ష.

ఒక జీవితమును వ్రాయునపుడు వెలుగును మాత్రమే చూపుట సత్యము గాదు. ఆది హిందూ యను విశాలమైన ఛత్రము క్రింద చేరిన కులములు లోలోపల ఒకటి కాలేకపోయినవి. మాల మాదిగల నడుమ పంక్తిభేదములు, అనుమానములు నిలిచియే యుండెను. అరిగె రామస్వామిగారు, బి. ఎస్. వెంకటరావుగారు మొదలగు సమర్థులైన నాయకులు వేఱువేఱు సంస్థలు నడపిరి. మాదిగ సోదరులు అరుంధతీయు లను పేరున వేఱుగ సంఘటితులైరి. ఇందు దోషమెవరిది యని మేము విచారింపబోము; మన వాడల పెద్దలు మన కంటె క్రిందివా రున్నారని తలంచి సంతోషించినంతకాలము దోషము మన గడపలోనే యుండినదని మాత్రము చెప్పుదుము. ఊరు మనలను బావికి దూరముంచినప్పుడు మనకు నొప్పి కలిగినది. మనము మఱియొకరిని మన బావికి దూరముంచినప్పుడు ఆ నొప్పి మనకు గుర్తు రాలేదు. 2024లో సుప్రీముకోర్టు షెడ్యూల్డు కులముల ఉపవర్గీకరణమును అనుమతించుచు తీర్పు చెప్పినది. ఆ తీర్పును గూర్చి మన సభలో భిన్నాభిప్రాయము లున్నవని మాకు తెలియును. అభిప్రాయము లెట్లున్నను, పాలు పంచుకొనువేళ పాత్ర పగులగొట్టుకొనరాదని వర్మగారి జీవితము మనకు హెచ్చరించుచున్నది.

వారి తరువాతి యేండ్లలో బౌద్ధధర్మమునందు వారికి ఆదరము పెరిగినది. బుద్ధజయంతి జరిపిరి, తమ కుమారునకు గౌతముడని పేరిడిరి. 1939 సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొక్క యేండ్లైన నిండకుండగనే, పరమపదించిరి.

వారు పోవునాటికి మన జనులకు కలిగినదేమి? ఓటు లేదు. శాసనసభ లేదు. అస్పృశ్యతను నేరముగా చెప్పు చట్టము లేదు. జీవితమంతయు పౌరులను తయారుచేసిన యా మహానుభావుడు తాను మాత్రము నిజాము ప్రజగానే కన్నుమూసెను. ప్రజాశాసనసభకు ఒక్కసారియైనను ఓటు వేయలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైనది. 1950 జనవరి 26న రాజ్యాంగ మమలునకు వచ్చి, దాని 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. వయోజనులందఱికిని ఓటుహక్కు కలిగినది. 1952లో హైదరాబాదు రాష్ట్రమున తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. ఓటుపెట్టె వచ్చినది, దానియందు చీటి వేయుటకు చేయి సిద్ధముగా నుండవలెను గదా! హరికథలో కూర్చుండిన జనులు, పంచాయతులో సాక్ష్యమిచ్చినవారు, బడిలో సంతకము నేర్చినవారు, సభలో చేయెత్తినవారు, వీరి చేతులు అంతకుముందే సిద్ధమైయుండెను. రాజ్యాంగము హక్కు నొసగినది; ఆ హక్కు తనదని గుర్తించు మనిషిని ముందే తయారుచేసినవారు వర్మగారివంటివారు.

2009నుండి మన జహీరాబాదు శాసనసభా స్థానము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడియున్నది. ఇది గొప్పసంగతి. కాని ఆ స్థానమున నెవరు కూర్చుండిరి అను ప్రశ్నతో మన పని ముగియదు. మన వాడలో గ్రామసభకు ఎందరు పోవుచున్నారు? పోయినవారిలో ఎందరు లేచి మాటాడుచున్నారు? ఓటును సీసాకును నోటుకును అమ్ముకొనువా రెందరు? మన ఆడపిల్ల పదవ తరగతి పిమ్మట చదువు మాని యింట కూర్చుండినప్పుడు ఎవరు పోయి అడుగుచున్నారు? ఈ ప్రశ్నలకు మనము జవాబు చెప్పుకొనలేనిచో, వర్మగారి పటమునకు పూలమాల వేయుట వలన ప్రయోజనము లేదు.

కులసంఘమున కిట్టి పని యెందుల కని కొందరు యువకులు మమ్మడుగుదురు. కులమే పోవలసినప్పుడు కులసంఘ మేల యని వారి శంక. శంక న్యాయమైనదే. మాకు తోచిన సమాధాన మిది. గడప దాటుటకే యింటికి ద్వార ముంచుదురు. లోపల కూర్చుండి తలుపు వేసికొనుటకు కులసంఘ మేర్పడినచో అది మఱియొక చెఱ. పిల్లవానికి తన పేరు నిండుగా చెప్పుట నేర్పి, సభామర్యాద నేర్పి, ఇతరుల బాధను తన బాధగా నెంచుట నేర్పి, ఊరందఱితోడి సభలోనికి పంపినచో అది బడి. మాన్యసంఘము అట్టి బడిగా నడచినది. మన సంఘము ఎట్లు నడువవలెనో మనమే నిర్ణయించుకొనవలెను.

కావున ఈ మహాసభవారికి మే మొక విన్నపము చేయుచున్నాము. వచ్చు సంవత్సరమునుండి సంఘపక్షమున ప్రతి వాడలోను వారమునకొక రాత్రి యువజనసభ జరుపుడు. అందు అధ్యక్షుడు వంతులవారిగా మాఱవలెను. ఆడపిల్లలకును ఆ వంతు రావలెను. ప్రక్కవాడ సోదరులను పిలువవలెను. రాజ్యాంగమున నొక్కొక్క అధికరణమును తెలుగున చదివి యర్థము చెప్పుకొనవలెను. శరీరము సహకరించినంతకాలము ఆ పనికి వచ్చి కూర్చుండుటకు మేము సిద్ధముగా నున్నాము. హరికథ చెప్పగలవా రెవరైన నున్నచో వారిని ముందుగా పిలిపింపుడు; వర్మగారు మొదలిడినది అచ్చటనే గదా!

మహాసభ జయప్రదమగు గాక. చదువరులకు క్షేమమగు గాక.